పద్నాలుగు మెట్ల పైన ఉన్న కాగితం

2022 వేసవిలో నేను చిలకలగూడకూ బోయిగూడకూ మధ్య ఉన్న ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా చేరాను. అంతకు ముందు చాలా ఏళ్లు మెట్టుగూడలో ఒక ప్రైవేటు మందుల షాపులో పనిచేశాను. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద ఏలూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు కాబట్టి, ఈ చుట్టుపక్కల గల్లీలూ మనుషులూ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెలుసనే అనుకున్నాను.

మా కేంద్రం ఒక పాత కమ్యూనిటీ హాలులో ఉంది. కింది అంతస్తు మాది. డాక్టరు గది, డ్రెస్సింగ్ గది, రక్తపరీక్షల బల్ల, ఆ చివర నా మందుల కిటికీ. పై అంతస్తు బస్తీ సంక్షేమ విభాగానిది. మహిళా సంఘాలు, పింఛను దరఖాస్తులు, రేషను కార్డుల తంటాలు, ఇంటింటి సర్వేలు అన్నీ అక్కడే. అక్కడ కూర్చునే కమ్యూనిటీ ఆర్గనైజరు పేరు కమల. బస్తీలో అందరికీ కమలక్క. పైకి వెళ్లడానికి బయటి గోడను ఆనుకుని మెట్లున్నాయి, పద్నాలుగు. చేరినప్పుడు నేను లెక్కపెట్టలేదు. తర్వాత పెట్టాను.

వాళ్ల శాఖ వేరు, మా శాఖ వేరు. రిజిస్టర్లు వేరు, సెలవుల పట్టికలు కూడా వేరు. ఉమ్మడిగా ఉన్నది ఒక్క నీళ్ల ట్యాంకు. అది నిండి పొంగినప్పుడు తప్ప మేం ఒకరితో ఒకరం మాట్లాడుకున్నది తక్కువ.

నా పని బయటివాళ్లకు మందులు అందించడంలా కనిపిస్తుంది. అందించడం అందులో చిన్న భాగం. మాకు మంగళవారం ఎన్.సి.డి. రోజు. అంటే బీపీ, షుగర్ లాంటి, ఒకరి నుంచి ఒకరికి అంటుకోని, ఏళ్ల తరబడి మందులు వాడవలసిన జబ్బుల రోజు. ప్రతి పేషెంటుకూ ఎన్.సి.డి. అని అట్ట మీద అచ్చేసిన ఒక పుస్తకం ఉంటుంది. డాక్టరు అందులో డోసు రాస్తారు. నేను మందిచ్చి, ఎలా వాడాలో, ఎలా దాచాలో చెప్పి, చెప్పినట్టు టిక్కు పెట్టాలి. చివర్లో రిమార్కులకు ఒక గడి ఉంటుంది. చాలామంది ఫార్మసిస్టులు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. నేను రాసేవాణ్ణి. అది నా శ్రద్ధకు గుర్తు అనుకునేవాణ్ణి.

కిటికీకి అద్దం ఉంటుంది. అద్దం కింద అరచేయి పట్టేంత కంత. కూర్చుంటే నాకు మొహాలు సరిగా కనబడవు, చేతులే కనబడతాయి. ఖాసింబీ కూడా నాకు ముందు చేతులుగానే తెలుసు. వేళ్ల చివర్లు అరిగి నున్నగా ఉండేవి. చేతుల నుంచి సబ్బుసోడా వాసన వచ్చేది. రైళ్లలో ప్రయాణికులకిచ్చే దుప్పట్లు, దిండు గలీబులు ఉతికే లాండ్రీలో ఆమె మడతలు పెట్టే పని చేసేది. జనగామ వైపు మనిషి. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, పెళ్లై జహీరాబాదులో ఉంది. బోయిగూడలో ఒంటిగది ఇంట్లో తనొక్కతే. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పటికి నాకు తెలిసింది ఆమె వయసు, బరువు, షుగర్ అంకె.

ఆ ఆగస్టులో మాత్రలు సరిపోక డాక్టరు మేడమ్ ఆమెను ఇన్సులిన్‌కు మార్చారు. పొద్దున పదహారు యూనిట్లు, సాయంత్రం పది. నేను మందు సీసా కంతలోంచి జరుపుతూ రోజూ అడిగేదే అడిగాను.

"ఫ్రిజ్ ఉందా?"

"ఉన్నది సార్."

"ఈ మందు చల్లగా ఉంచాలి. వేడి తగలకూడదు. తెలిసిందా?"

"మస్తు సల్లగుంటది సార్. ఫికర్ జేయకుండ్రి."

"సూది వేసుకున్నాక అరగంటలో ఏదైనా తినాలి."

"తింట సార్."

మూడు టిక్కులు పెట్టాను. వెనక ఇంకా ముప్పై మంది ఉన్నారు.

రెండు వారాలకు రెండో సీసా కోసం వచ్చింది. ఈసారి చెయ్యి కంతలోనే ఉంచి, మొహం అద్దానికి దగ్గరగా తెచ్చింది.

"సార్, గీ మందు వేడి జేస్తున్నది. కొత్త సీస తీసిన దినం చెమటలు వట్టినయి. చేతులు గజగజ వణికినయి. కండ్ల ముంగట చీకట్లు."

ఇన్సులిన్ గురించి ఒక్క పాఠం చదివినవాడికైనా ఆ మూడు లక్షణాలు చాలు. షుగర్ పడిపోతే, దాన్ని మేం హైపో అంటాం, సరిగ్గా అవే వస్తాయి. సూది వేసుకుని తినలేదన్నమాట. నేను అడగవలసింది 'ఎన్నింటికి తిన్నావు?' అని. కానీ 'వేడి' అన్న మాట వినగానే నా చెవి మూసుకుపోయింది. మామిడిపండు వేడి, గుడ్డు వేడి, మాత్ర వేడి అని వినీ వినీ విసిగి ఉన్నాను. మా ఇంట్లో మా అమ్మ కూడా అదే మాట అంటుంది, ఎండాకాలం నేనూ సబ్జా గింజల నీళ్లు తాగుతాను. ఆ మాటకు అర్థం తెలియక కాదు. కిటికీకి ఇటువైపు కూర్చున్నాక అది నాకు తెలియని మాటలా నటించాను.

"ఇన్సులిన్ వేడి చెయ్యదమ్మా. చల్లగా ఉంచమన్నానుగా, ఉంచు. మజ్జిగ తాగు."

"ఇంక సల్లగ వెట్టాల్నా సార్?"

"ఆ, పెట్టు, పెట్టు. తర్వాత ఎవరు?"

నా మాటను ఆమె అక్షరాలా పాటించింది. ఆ విషయం నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది.

తర్వాతి నెల నుంచి ఆమె ఫిర్యాదు చేయలేదు. "ఇప్పుడు మంచిగ వడ్తున్నది సార్, వేడి లేదు, ఏం లేదు" అంది. కానీ షుగర్ దిగలేదు. రెండు వందల ఎనభై, మూడు వందల పది, మూడు వందల నలభై. మేడమ్ ఒక రోజు తన గదిలోంచే నన్ను కేకేసి అడిగారు.

"సామ్యూల్ గారూ, ఈ ఖాసింబీ మందు వేసుకుంటోందా అసలు?"

"ఏమో మేడమ్. చెప్పిన మాట వినే రకంలా లేదు."

ఆ జవాబుకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆమె ఒక్కసారి కూడా సీసా తీసుకోవడానికి ఆలస్యంగా రాలేదు. ఖాళీ సీసాలు లెక్క ప్రకారం తిరిగి తెచ్చేది. అయినా ఆ రోజు రిమార్కుల గడిలో ఎర్ర పెన్నుతో ఎన్.సి. అని రాశాను. నాన్ కంప్లయంట్. మా వృత్తిలో దాని అర్థం, చెప్పినట్టు మందు వాడని పేషెంటు. అది రాస్తే షుగర్ దిగకపోవడం నా లెక్కలోంచి పోయి ఆమె లెక్కలో పడుతుంది. రాస్తున్నప్పుడు నేను ఇంత స్పష్టంగా ఆలోచించలేదు, నిజమే. కానీ రాశాక నాకు తేలిగ్గా అనిపించింది. అది గుర్తుంది.

మేడమ్ డోసు పెంచారు. ఇరవై నాలుగు, పదహారు. మరో నెలకు ముప్పై, ఇరవై.

డిసెంబరులో ఆమె కుంటుతూ వచ్చింది. దుప్పట్ల కట్టలకు చీటీలు గుచ్చే గుండుసూది కుడికాలి చిటికెన వేలి కింద దిగిందట. షుగర్ ఎక్కువకాలం ఉంటే పాదాలు తిమ్మిరెక్కుతాయి, నొప్పి తెలియదు. ఆమెకు రెండు రోజుల తర్వాత చెప్పులో తడి కనబడితే తెలిసింది.

"కాలు జెర సూడుండ్రి సార్."

"నేను చూసేది కాదమ్మా. డ్రెస్సింగ్ గదికి రోజూ రావాలి."

"మీది ఒంటిగంటకు బంద్ అయితది. నా డ్యూటీ రెండింటికి అయిపోతది. గీ మంగళారమంటె కూలి ఇడిసి వస్తున్న. దినాం ఎట్ల రావాలె?"

"కొన్నాళ్లు పని మానెయ్యి మరి."

"మానేస్తే తిండెట్ల సార్?"

"పైన కమల గారు ఉంటారు. వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టుకో. వెళ్లి అడుగు."

ఆమె వెనక్కి తిరిగి మెట్లవైపు చూసింది. ఆ మెట్ల దగ్గర ఒక చేత్తో పట్టుకునే ఇనప కమ్మీ కూడా సగం వరకే ఉంటుంది.

"గీ కాలుతోని గా మెట్లు నేనెక్కుతనా?" అంది. నవ్వుతూనే అంది. నేను దాన్ని వంకగా తీసుకున్నాను. రిమార్కుల గడిలో మళ్లీ ఎన్.సి. రాశాను. 'సంక్షేమ విభాగానికి పంపబడినది' అని పక్కన ఇంకో టిక్కు.

2023 ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఉదయం, తొమ్మిదిన్నరకు, ఖాసింబీ వరసలో నిలబడి ఉన్నదల్లా మెట్ల మొదట్లో కూలిపోయింది. ఒళ్లంతా చెమట, పళ్లు బిగుసుకున్నాయి. వేలి మీద సూది గుచ్చి చూస్తే షుగర్ నలభై ఒకటి. మూడు వందల నలభై ఉండే మనిషికి నలభై ఒకటి. మేడమ్ నరంలోకి గ్లూకోజ్ ఎక్కించారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

గోల విని కమల పైనుంచి దిగి వచ్చింది. అప్పుడే నేను ఆమెను దగ్గరగా చూడడం.

"అయ్యో, మా ఖాసింబీ! ఏమైంది?"

"డోసు ఎక్కువైంది. నిన్నటిదాకా సరిపోనిది ఇవాళ ఎక్కువైంది. ఫ్రిజ్‌లో పెట్టిన మందేగా..." అని నేను గొణిగాను.

కమల నావైపు తిరిగింది. "ఎవరింట్ల ఫ్రిజ్?"

"ఈమె ఇంట్లో."

"ఈమెకు ఫ్రిజ్ ఏడుంది సార్? ఒక బల్బు, ఒక ఫ్యాను. అంతే. నా దగ్గర కాయిదం ఉన్నది, జూపియ్యాల్నా?"

చెప్పినట్టే పైకి వెళ్లి ఒక ఫారం తెచ్చింది. ఇంటింటి సర్వేది. ఖాసింబీ పేరు, వేలిముద్ర. ఫ్యాను: ఉంది. టీవీ: లేదు. ఫ్రిజ్: లేదు. పని వేళలు: పొద్దున ఆరు నుంచి రెండు, మొదటి విరామం పదింటికి. తోడు ఉండేవారు: లేరు. నేను ఫ్రిజ్ ఉందని టిక్కు పెట్టడానికి రెండు నెలల ముందు నింపిన కాగితం అది. నేను ఆరు నెలలుగా తెలుసుకోని ప్రతి జవాబూ నా తల మీది గదిలో, బీరువాలో, ఫైలులో భద్రంగా ఉంది.

ఖాసింబీ కళ్లు తెరిచాక, చక్కెర నీళ్లు తాగాక, మేడమ్ మెల్లగా అడిగారు. "మందు ఎక్కడ పెడుతున్నావమ్మా?"

"జహంగీర్ బాయి దుకాన్ల. ఐస్‌క్రీమ్ ఫ్రిజ్ ఉంటది గదమ్మా, గండ్ల. అడుగున ఐస్ గడ్డల నడుమ వెడ్తడు, పాపం, మంచోడు. మీ సారే చెప్పిండు సల్లగ వెట్టుమని. కొత్త సీస శాన వేడి ఉంటది. ఐస్ల రెండు దినాలు వెడితె వేడి వోతది. గడ్డ గట్టినంక పొద్దుగాల తెచ్చి చేతుల వట్టుకుంట, కరిగినంక సూది ఏసుకుంట."

"మరి ఇవాళ?"

"ఆయన బిడ్డ పెండ్లి. మొన్న సంది దుకాన్ బంద్. పాత సీస రాత్రి అయిపోయింది. ఇంట్ల ఉన్న కొత్త సీస అట్లనే ఏసుకున్న. సూడుండ్రి, ఎంత వేడి జేసిందో."

సంచిలోంచి పాత సీసా ఒకటి తీసి చూపించింది. నేను మొదటిసారి దాన్ని వెలుతురుకు పెట్టి చూశాను. తెల్లగా కలిసిపోయి ఉండవలసిన మందు విరిగిన పాలలా పలుకులు పలుకులుగా గాజుకు అంటుకుని ఉంది. ఇన్సులిన్ చల్లగా ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకడితే అందులో బలం ఉండదు. ఆరు నెలలుగా ఆమె రోజుకు రెండు పూటలా, తప్పకుండా, పొట్ట మీద చచ్చిన మందు పొడుచుకుంది. మేం ఆ చచ్చిన మందుకు డోసు పెంచుకుంటూ పోయాం. మొదటిసారి బతికి ఉన్న మందు అంత డోసులో ఒంట్లోకి వెళ్లిన రోజున ఆమె ప్రాణం పోవలసింది. పరీక్షకు ఖాళీ కడుపుతో రమ్మన్నాం. ఆ పొద్దున సూది కూడా వేసుకోవద్దని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది నేను.

ఆ గొడవలోనే మేడమ్ ఆమె పాదం విప్పి చూశారు. చిటికెన వేలు, పక్క వేలు నల్లబడ్డాయి. జ్వరం కూడా ఉంది. వెంటనే పెద్దాసుపత్రికి పంపించారు. అంబులెన్సులో ఆమె ఒళ్లో ఎన్.సి.డి. పుస్తకం పెట్టింది నేనే. అందులో ఎర్ర సిరాతో రెండు చోట్ల ఆ రెండక్షరాలున్నాయని పెడుతున్నప్పుడే నాకు గుర్తుంది.

కొట్టెయ్యలేదు. ఇది నేను రాయడానికి కష్టపడుతున్న వాక్యం. నాది కాంట్రాక్టు ఉద్యోగం, మార్చిలో రెన్యువల్. రిమార్కు కొట్టేస్తే ఎందుకు రాశావని అడుగుతారు. టిక్కుల సంగతి బయటికొస్తుంది. మంగళవారం, బుధవారం, గురువారం నేను మామూలుగా మందులిచ్చాను. ఫ్రిజ్ ఉందా అని అడిగాను. ఉందన్న వాళ్లకు టిక్కులు పెట్టాను.

గురువారం సాయంత్రం, పేషెంట్లు వెళ్లిపోయాక నేనూ మేడమూ రిజిస్టర్లు రాసుకుంటుండగా, కమల నా కిటికీ దగ్గరికి వచ్చింది. కంతలోంచి కాదు, పక్క తలుపు తోసుకుని లోపలికి.

"సార్, ఆస్పత్రికి వోయొచ్చిన. శనివారం ఖాసింబీ కాలు తీసేస్తరంట. మోకాలు కిందికి. రెండు వేళ్లు తీస్తే సాలు గదా అని అడిగిన. 'ఈమె మందు వాడదు, పుస్తకంల రాసి ఉన్నది. ఇంటికి పంపితే కట్లు సుత సరిగ్గ కట్టించుకోదు, మల్ల మల్ల కుళ్లుతది. ఒక్కసారే తీసుడు మంచిది' అన్నడు డాక్టరు. ఏం రాసిండ్రు సార్ పుస్తకంల?"

నేను చెప్పాను.

"నిలవడి చేసే పని సార్ ఆమెది. కాలు వోతే ఏముంటది ఆమెకు?"

ఆదివారాలు మా చర్చిలో తప్పుల ఒప్పుకోలు ప్రార్థన అందరం కలిసి చదువుతాం. నలభై ఏళ్లుగా చదువుతున్నాను. అందులో అన్నీ 'మేము' అనే ఉంటాయి. బహువచనంలో ఒప్పుకోవడానికి నాకెప్పుడూ కష్టం కాలేదు. ఆ సాయంత్రం మేడమ్ గది తలుపు దగ్గర నిలబడితే నోటిదాకా 'మేము' అనే వచ్చింది. దాన్ని మింగి 'నేను' అని మొదలుపెట్టాను.

మేడమ్ అంతా విన్నారు. అరవలేదు. "మీరు రెండక్షరాలు రాశారు. నేను అవి చదివి కూడా డోసు పెంచాను. సీసా చూపించమని నేనూ అడగలేదు," అన్నారు. తర్వాత, "కానీ ఈ మూడు రోజులు మాత్రం మీవే, సామ్యూల్ గారూ," అన్నారు. అదే నిజం.

శుక్రవారం ఉదయం నేనూ కమలా పెద్దాసుపత్రికి వెళ్లాం. సర్జను చిన్నవాడు, నిద్రలేని కళ్లు. నిలబడే మాట్లాడాడు.

"ఇది ఎవరు రాశారు?" అని పుస్తకం తెరిచి చూపించాడు.

"నేనే సార్. తప్పు రాశాను."

"అంటే? ఇప్పుడు వాడుతుందంటారా?"

"మొదటి నుంచీ వాడింది. ఒక్క పూట మానలేదు. గడ్డకట్టిన మందు వాడింది. గడ్డకట్టకూడదని నేను చెప్పలేదు."

"అది రాసిస్తారా? సంతకంతో?"

అక్కడే, వార్డు బయట కిటికీ అంచు మీద కాగితం పెట్టి రాశాను. పేషెంటు మందు ఎగ్గొట్టలేదనీ, నాన్ కంప్లయంట్ అన్న రిమార్కు విచారించకుండా రాసినదనీ, దానికి బాధ్యత నాదనీ. పేరు, హోదా, సంతకం. తర్వాత పుస్తకంలో రెండు చోట్లా అక్షరాలను కొట్టేసి పక్కన సంతకం పెట్టాను.

సర్జను చదివాడు. "సరే. మందు సంగతి అర్థమైంది. కానీ కట్లు? వేళ్లు మాత్రమే తీస్తే రోజూ కట్టు మార్చాలి, రెండు మూడు నెలలు. ఒంటరి మనిషి. ఎవరు చూస్తారు?"

ఇక్కడ నా కాగితానికి పని లేదు. కమల ముందుకొచ్చింది.

"సార్, మా ఆశా వర్కరు సుజాత ఆమె గల్లీలనే ఉంటది. దినాం ఇంటికే వోయి కడ్తది, మా డాక్టరమ్మ తోని మాట్లాడి వచ్చిన. వండి పెట్టుడు మా మహిళా సంఘమోళ్లు నలుగురు వంతులేసుకున్నరు. లాండ్రీ సూపర్‌వైజరు తోని సుత మాట్లాడిన. కాలు మానినంక కూసుండి చీటీలు గుచ్చే కాడ వెడ్తమన్నడు. పింఛను దరఖాస్తు నిన్న నేనే ఆమె బెడ్డు కాడికి వచ్చి వేలిముద్ర ఏయించుకున్న."

"ఇదంతా పుస్తకంలో లేదే?"

"పుస్తకం కింద ఉంటది సార్. మేం పైన ఉంటం."

సర్జనుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"రెండు వేళ్లతో ప్రయత్నిస్తాను," అన్నాడు చివరికి. "మాట ఇవ్వలేను. రెండు వారాల్లో పైకి పాకితే మళ్లీ ఇదే మాట మాట్లాడుకోవాలి."

పైకి పాకలేదు. రెండు వేళ్లు పోయాయి, పాదం మిగిలింది. ఆ రెండు వేళ్లు కూడా పోకుండా ఉండేవి, డిసెంబరులో ఆమె కాలు చూడమన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి ఉంటే. మూడు నెలలు సుజాత రోజూ కట్టు కట్టింది. పుండు మానాక ఇన్సులిన్ అవసరం తగ్గుతూ వచ్చి, మేం మొట్టమొదట రాసిన డోసు దగ్గరే ఆగింది. పొద్దున పదహారు, సాయంత్రం పది. ఆమెకు ఎప్పుడూ అంతే కావాలి.

మందు దాచడానికి కమల ఒక ఉపాయం చెప్పింది. పెద్ద మట్టికుండలో తడి ఇసక పోసి, అందులో చిన్న ముంత దించి, ముంతలో సీసా, పైన తడిగుడ్డ. నేను థర్మామీటరు పెట్టి వారం రోజులు చూశాను, వాడుతున్న సీసాకు ఆ చల్లదనం సరిపోతుంది. మిగతా సీసాలు మా దగ్గరే ఫ్రిజ్‌లో ఉంచి, ఒక్కొక్కటిగా ఇస్తాం. లాండ్రీలో పని మొదలైన వెంటనే, ఆరుంబావుకు, ఒక చాయ్, రెండు రొట్టెల విరామం పెట్టించింది కూడా కమలే. సూది వేసుకుని వచ్చేవాళ్లు అక్కడ మరో ఐదుగురున్నారట. వాళ్లందరికీ కొత్త సీసా వేడి చేసేదట.

నా ఉద్యోగం పోలేదు. ఒక మెమో వచ్చింది, జవాబు రాశాను. అది నాకు పడిన శిక్షగా చెప్పుకోవడానికి సిగ్గు. పడవలసిన దానికి అది చాలా తక్కువ.

మేడమ్ పై శాఖవాళ్లతో మాట్లాడి కమల బల్లను కిందికి దింపించారు, మంగళవారాల వరకు. నా కిటికీ పక్కనే వేశాం. బల్ల దింపడానికి ఆ మెట్లు ఇరుకై నలుగురం మెట్టు మెట్టుకూ ఆగుతూ మోయవలసి వచ్చింది. అప్పుడు లెక్కపెట్టాను, పద్నాలుగు. ఇప్పుడు పేషెంటు ముందు ఆమె దగ్గర కూర్చుంటాడు, తర్వాత నా దగ్గరికి వస్తాడు. ఆమె ఫారం, మా పుస్తకం ఒకే అట్టలో ఉంటాయి. నేను ఫ్రిజ్ ఉందా అని అడగడం మానేశాను. ఉందా అంటే ఉందనే అంటారు, లేదని చెప్పుకోవడం ఎవరికి ఇష్టం? 'మందు ఎక్కడ పెడుతున్నారు, ఎవరింట్లో, సీసా తెచ్చారా, ఏదీ చూద్దాం' అంటాను. వరస నెమ్మదిగా కదులుతుంది. వెనకవాళ్లు విసుక్కుంటారు. ఒకాయన మొన్న, "సారు మందులిస్తుండా, పెండ్లిచూపులు చూస్తుండా?" అని గట్టిగానే అన్నాడు. అనుకోనీ.

ఈ కేసు నాకు నేర్పింది వైద్యం గురించి కాదు. అది పుస్తకాల్లో ముందే ఉంది, నేను చదివాను, పరీక్ష పాసయ్యాను. నేర్పింది నా గురించి. ఒక మనిషి తన భాషలో, తన మాటతో, కచ్చితమైన లక్షణం చెబితే నేను ఆ మాటను చూసి నవ్వుకున్నాను. ఆమె నా మాటను మాత్రం నవ్వకుండా, ఒక్క పూట తప్పకుండా పాటించింది. మా ఇద్దరిలో చెప్పిన మాట వినని మనిషి ఎవరో తేల్చడానికి పెద్ద విచారణ అవసరం లేదు.

ఆ ఏడాది చివర్లో ఖాసింబీ మందుకు వచ్చింది. ఇప్పుడు కొద్దిగా ఒరిగి నడుస్తుంది, పాదం ముందుభాగం మెత్తగా ఉన్న చెప్పులు. వరస లేదు. నేను కిటికీ వదిలి బయటికి వచ్చి కమల బల్ల దగ్గర ఆమె ఎదురుగా కూర్చున్నాను. పుస్తకం తెరిచి కొట్టేసిన ఎర్ర అక్షరాలు చూపించాను.

"ఖాసింబీ, ఇదేమిటో తెలుసా?"

"ఎన్.సి. గద సార్? షుగర్ బీమారికి ఇంగ్లీషు పేరు. అట్ట మీద సుత ఉన్నది." పిల్లలకు అక్షరాలు చూపినట్టు అట్ట మూసి వేలితో చూపించింది. "మా బిడ్డ చెప్పింది," అంది.

"అది వేరు. ఇది, చెప్పిన మాట వినని మనిషి అని. నేను రాశాను. దీని మూలంగానే నీ కాలు తీసేయబోయారు. నన్ను క్షమించు."

ఆమె పుస్తకం మళ్లీ తెరిచింది. ఆ రెండక్షరాల మీద నున్నటి వేలు పెట్టి కాసేపు చూసింది. కమల చేస్తున్న పని ఆపింది.

"మాట ఇననోళ్ల పుస్తకంల రాస్తరా ఇది?"

"అవును."

"అయితే మీ పుస్తకం ఏడుంది సార్?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను లేచి లోపలికి వెళ్లి, ఫ్రిజ్‌లోంచి ఆమె సీసా తీసి, వెలుతురుకు పెట్టి చూసి, తెచ్చి చేతికిచ్చాను.

ఫార్మసిస్టులకు అలాంటి పుస్తకం ఎవరూ ఇవ్వరు. అందుకని నాది నేనే రాశాను. ఇదే అది.